బావిలో ఐదో తూటా

మా చేనిబావిని ఇంకో పదడుగులు లోతు చేయాలని ఇంట్లో మాట్లాడుకున్న రోజు, మా మరదలు ఇర్మా కూడా అక్కడే కూర్చుని ఉంది. రాతిలో మందు పెట్టి పేల్చాలని నా తమ్ముడు లోకనాథం చెప్పగానే చేతిలోని గ్లాసు కింద పెట్టి ఆవుల కొట్టంలోకి వెళ్ళిపోయింది. అది ఆవులకు మేత వేసే వేళ కాదు. నేను గమనించాను, కానీ అడగలేదు. అడిగి ఉండాల్సిందని ఇప్పుడు అనుకుంటాను.

ఇర్మా జర్మనీ దేశపు మనిషి. లోకనాథం లేతు మిషను పని నేర్చుకోవడానికి అక్కడి ఫ్యాక్టరీకి వెళ్ళి, తొమ్మిదేళ్ళు ఉండి, ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. మా నాయన పోయాక, డెబ్బై రెండులో, భార్యనూ రెండేళ్ళ కూతురు కాంచననూ వెంటబెట్టుకుని ఇంటికి వచ్చేశాడు. మా ఊరు తిరుత్తణికి మూడు మైళ్ళు. చేలో నిలబడితే కొండ మీది మురుగన్ గుడి గోపురం కనిపిస్తుంది. దొరసాని ఈ ఎండలో, ఈ పేడలో ఎన్ని నెలలు ఉంటుందోనని ఊళ్ళో వాళ్ళు తమాషాగా చూశారు. ఆమె వచ్చిన మర్నాడే పాలు పితికే చెంబు అడిగింది. వాళ్ళదీ రైతు ఇల్లేనట. బంగాళాదుంపలు పండించేవాళ్ళు, నాలుగు ఆవులు ఉండేవట. మా దగ్గర తన్నే ఆవు ఒకటుండేది. అది కూడా ఆమె చేతికి నిలబడింది.

తెలుగు నా భార్య మునిలక్ష్మి దగ్గర నేర్చుకుంది కాబట్టి అచ్చం మునిలక్ష్మిలాగే మాట్లాడేది. "ఏందబ్బా, యాడికి పోతా ఉండావు?" అని దారిన పోయేవాళ్ళను పలకరించేది. అది వినడానికే కొందరు పని లేకపోయినా మా ఇంటి మీదుగా నడిచేవాళ్ళు.

మాతోపాటు కొండకు వచ్చి చేతులు జోడించేది. ఆదివారం పొద్దున కొట్టంలో కూర్చుని నల్లట్ట పుస్తకం కూడా చదువుకునేది. ఒకసారి మెట్లెక్కుతూ ఉండబట్టలేక అడిగాను.

"కొండ మీద ఎవరికి మొక్కుతావమ్మా నువ్వు?"

"మీరు మొక్కే ఆయనకే బావా. ఏం, నా మాట ఆయనకు అర్థం కాదా?"

అనేసి నాకంటే ముందు మెట్లెక్కిపోయింది. 

మూడేళ్ళు వరసగా వానలు సరిగా పడలేదు. డెబ్బై ఎనిమిది ఎండాకాలానికి బావిలో నీళ్ళు అడుగంటి, ఆవులకు కూడా రైల్వే గేటు దగ్గరి బోరింగు నుంచి బిందెలతో మోయాల్సి వచ్చింది. పొన్నుస్వామి అని బావిపనిలో పేరున్న మేస్త్రిని పిలిపించాము. ఆయన మనుషులు పగలంతా బావి అడుగున రాతిలో బెజ్జాలు తొలిచేవాళ్ళు. మధ్యాహ్నం నాలుగు గంటలప్పుడు ఆ బెజ్జాల్లో మందు తూటాలు కూరి, వత్తులు పెట్టి అంటించి పైకి వచ్చేసేవాళ్ళు. మేస్త్రి ఎర్రగుడ్డ ఊపుతూ, పేలుడని అరవంలో "వెడి, వెడి" అని మూడుసార్లు అరిచేవాడు.

వత్తులన్నీ ఒకే పొడవు ఉండవు. తూటాలు ఒకదాని తరవాత ఒకటి పేలాలని ఒక్కో వత్తిని ఒక్కో పొడవున కోస్తారు. అదంతా లెక్క కోసమే. ఎన్ని తూటాలు పెట్టామో అన్ని మోతలు వినిపించాలి. ఒక్కటి తగ్గినా ఆ పూట బావిలో ఎవరూ దిగకూడదు. మర్నాడు మేస్త్రి ఒక్కడే దిగి చూస్తాడు. పేలని మందు రాళ్ళ కింద ఉండగా ఎవరైనా గడ్డపార దించితే ఆ మనిషిని మూట కట్టుకుని తీసుకురావాల్సిందే. అంతకు ముందు సంవత్సరం మా పక్క ఊళ్ళో ఇద్దరు అట్లాగే పోయారు.

మేస్త్రికి ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని కావడంతో చెవులు మందగించాయి. అందుకని ఆయన పద్ధతి ఒకటుంది. బావి ఎవరిదో వాళ్ళే మోతలు లెక్కపెట్టాలి. ఒక్కో మోతకు ఒక్కో వేలు మడుస్తూ, ఆయనకు కనిపించేట్టు చెయ్యి ఎత్తి ఉంచాలి.

"నా చెవుల్ని వెడి తినేసిందయ్యా," అన్నాడు మొదటిరోజు. "ఇంట్లో పెండ్లాం తిట్టేది కూడా వినపడదు. అది ఒకందుకు మంచిదే అనుకో. ఈడ మాత్రం మీ చెయ్యే నాకు చెవి."

ఆ పని నేను తీసుకున్నాను. మోత వినపడగానే "మురుగా" అని ఒక వేలు మడిచేవాణ్ణి.

మొదటిరోజు నాలుగు తూటాలు. నాలుగూ పేలాయి. పొగ ఇంకా పోకముందే మునిలక్ష్మి చెప్పులు లేకుండా ఇంటి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. మా ఇల్లు బావికి రెండు వందల గజాలు ఉంటుంది.

"ఇట్లా రండి. ఆమెకు ఏందో అయ్యింది."

వెళ్ళి చూస్తే ఇర్మా నులకమంచం కింద బోర్లా పడుకుని ఉంది. ఆ రోజు బడి లేదు. కాంచనను తన ఒంటి కింద దాచుకుంది. పిల్ల ఊపిరాడక ఏడుస్తోంది. ఇర్మా రెండు అరచేతులూ నేలకు ఆనించి, కళ్ళు తెరిచే ఉంచి, తన భాషలో ఏదో గొణుగుతోంది. చీర తడిసిపోయింది. మేము పిలుస్తున్నది ఆమెకు వినపడటం లేదు. లోకనాథం మోకాళ్ళ మీద కూర్చుని ఆమె భాషలోనే చాలాసేపు మాట్లాడాక గానీ ఆ చేతులు నేలను వదల్లేదు.

 మనిషి మతి తప్పితే ఏం చేస్తాం? దేశం కాని దేశంలో ఉన్న ఆమె తల్లికి ఏమని ఉత్తరం రాస్తాం?

మునిలక్ష్మి నన్ను పక్కకు పిలిచింది. "బావి తవ్వేటప్పుడు లోపలుండేది ఏదన్నా బయటికొచ్చి పట్టుకునిందేమో. అమావాస్య వస్తా ఉంది. తిరువళ్ళూరు వీరరాఘవస్వామి దగ్గరికి తీసుకపోదాం. ఎట్లాంటి జబ్బయినా తీసేస్తాడు ఆయన."

లోకనాథం అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. "గాలీ కాదు దయ్యమూ కాదన్నా. చిన్నప్పటి భయం అది."

"నీకు ముందే తెలుసునా?"

"కొంచెం తెలుసు. ఓర్చుకుంటానని ఆమే అనింది. ఆవులు నీళ్ళకు అల్లాడతా ఉంటే నేనూ సరే అనేసినాను."

అమావాస్యకు నలుగురం రైలెక్కాము. కడంబత్తూరులో ఎదురు బండి కోసం మా రైలు ఆగిపోయింది. కిటికీ పక్కన కూర్చున్న ఇర్మా, ఎవరూ అడగకుండానే, పట్టాల వైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది.

"నాకు ఆరేళ్ళు బావా. యుద్ధం అప్పుడు. మా ఊరి పక్కన రైలు జంక్షన్ ఉంది, మన అరక్కోణం మాదిరి. దానికోసరం విమానాలు వచ్చేవి. మేము ఇంటి కింద నేలగదిలో దాక్కునేవాళ్ళం. పైన మావాళ్ళ తుపాకులు పేలతా ఉంటాయి. చెవికి అంతా ఒకటే మోత. ఏది తుపాకీ, ఏది బాంబు తెలియదు. మా అమ్మ నా చేతులు నేలకు ఆనించి పట్టుకునేది. బాంబు పడితేనే నేల అదురుతుంది, తుపాకీకి అదరదు. ఇద్దరం లెక్కపెట్టేవాళ్ళం."

"లెక్క ఎందుకమ్మా?"

"ఊరకే ఉంటే ప్రాణం పోతాది. ఏదో ఒక పని ఉండాల కదా."

ఎదురు బండి దాటిపోయాక మళ్ళీ చెప్పింది. "యుద్ధం అయిపోయినాక మా నాయన బతికే వచ్చినాడు. నాగలి కట్టినాడు. మా చేలోనే బాంబు ఒకటి పేలకుండా ఉండిపోయింది."

 తమలపాకుకు సున్నం రాస్తున్న మునిలక్ష్మి ఆ ఆకును అట్లాగే సంచిలో పెట్టేసింది.

స్వామి ముందు నిలబడినప్పుడు ఏమడగాలో నాకు తెలియలేదు. పట్టినదాన్ని వదిలించమని అడగడానికి బయలుదేరాను. పట్టింది ఏదీ లేదని దార్లో తెలిసింది. ఎప్పుడో జరిగిపోయినదాన్ని ఒక మనిషి లోపలి నుంచి తీసేయమని దేవుణ్ణి అడగవచ్చునా? అడగవచ్చునేమో.  శఠారి పెట్టించుకుని వచ్చేశాను.

పని ఆపేద్దామని నేనూ లోకనాథం అన్నాము. ఇర్మానే ఒప్పుకోలేదు. "ఆవులు చస్తాయి. మీరు పేల్చండి. నేను మంచం కింద ఉంటా. ఎవరూ వచ్చి చూడొద్దు, అంతే."

"నేనుంటాను దానికి తోడు," అంది మునిలక్ష్మి.

ఆ తరవాత రోజూ నాలుగింటికి ఇద్దరూ లోపలికి పోయి తలుపు వేసుకునేవాళ్ళు. మొదట్లో నా భార్య పక్కన కూర్చుని విసనకర్రతో విసిరేదట. పది రోజులు పోయాక ఒకసారి పని త్వరగా ముగించుకుని ఇంటికి వెళితే, ఆమె కూడా మంచం కింద నేలకు అరచేతులు ఆనించి పడుకుని ఉంది. నన్ను చూసి సిగ్గుపడి లేచింది.

బావి దగ్గర నా భయం నాకుండేది.  ఎందుకంటే నేను లెక్క సరిపోయిందని చెయ్యి చూపించగానే ముందు దిగేది నా తమ్ముడే. ఊట తగిలిందేమో చూడాలని వాడికి ఆత్రం.

మురుగన్ పండగ ఆడికృత్తిక వచ్చింది. మేస్త్రి మనుషులందరూ పసుపుబట్టలు కట్టుకుని కావళ్ళెత్తుకుని తిరుత్తణికి వెళ్ళిపోయారు. మేస్త్రి ఒక్కడే మిగిలాడు. ముందురోజు తొలిచిన బెజ్జాలు ఐదు సిద్ధంగా ఉన్నాయి.

"ఈ పూట వద్దులే అన్నా. రేపు చూద్దాం," అన్నాడు లోకనాథం.

వద్దంటే వినకుండా పేల్చమన్నది నేనే. ఆ మాట దాచుకోను. కృత్తిక రోజు నీళ్ళు కనబడితే స్వామి తన చేత్తో ఇచ్చినట్టే అని నా మనసులో పడింది. తూటాలు పేల్చి, ఒకసారి దిగి చూసి, స్నానాలు చేసి సాయంత్రం అందరం కొండకు వెళ్దామన్నాను. మేస్త్రి వత్తులు అంటించి పైకి వచ్చాడు. ముగ్గురం రాళ్ళగుట్ట వెనక్కి చేరాము.

ఒకటి. మురుగా. రెండు. మురుగా. మూడు.

అప్పుడే పక్క ఊరివాళ్ళ కావళ్ళు మా చేను పక్క రోడ్డు మీదుగా వచ్చాయి. మేళం, డప్పులు, అరోహరా అని కేకలు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మడిచిన మూడు వేళ్ళతోనే చేతిని గుండెకు ఆనించి, కొండ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాను. నాలుగు. మురుగా. కాసేపటికి ఐదు. మురుగా. కళ్ళు తెరిచి పిడికిలి ఎత్తి మేస్త్రికి చూపించాను.

"ఐదా అయ్యా?"

"ఐదు."

పొగ తేలిపోయేదాకా ఆగాము. లోకనాథం గడ్డపార భుజాన పెట్టుకుని మెట్లు దిగసాగాడు. పది మెట్లు దిగి ఉంటాడు. ఇంటి వైపు నుంచి ఎవరో రావడం కనిపించింది. ఇర్మా. ఆ పని మొదలైనప్పటి నుంచి బావి వైపు కన్నెత్తి చూడని మనిషి, చీర మోకాళ్ళ దాకా ఎత్తిపట్టుకుని, జుట్టు ఊడిపోయి, ఎండిన శెనక్కాయ మొక్కల మీద పడుతూ లేస్తూ పరిగెత్తుతోంది. ఒక చెయ్యి పైకెత్తి ఉంది. నాలుగు వేళ్ళు.

నిజంగానే మతి తప్పిందనుకున్నాను. 

"నాలుగే," అంది వచ్చి. ఊపిరి అందడం లేదు. "బావా, నాలుగే."

"ఐదమ్మా. నేను మడిచినాను కదా."

"నాలుగు. నేల నాలుగుసార్లే అదిరింది."

లోపలి నుంచి లోకనాథం తలెత్తి చూశాడు. "ఇర్మా, ఇంటికి పో. అన్న లెక్కపెట్టినాడు. ఊట ఉందేమో చూసి ఇప్పుడే వచ్చేస్తాను."

ఆమె అతనితో వాదించలేదు. తను కూడా మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. ఆ కాలు ఎంత వణుకుతోందంటే, మెట్టు మీది గులకరాళ్ళు జారి బావిలో పడుతున్నాయి. "నువ్వు దిగితే నేనూ దిగతా. నాకూ ఒక గడ్డపార ఇయ్యి."

మేస్త్రి మా పెదవులు చూస్తున్నాడు. "ఏమంటా ఉందయ్యా దొరసానమ్మ?"

"నాలుగంటోంది."

"మీరు ఐదు చూపించినారే."

"ఐదే చూపించినాను."

"నువ్వు విన్నావా?" అని లోకనాథాన్ని అడిగాను.

"మేళం మోతలో నేను లెక్క పెట్టలేదన్నా. నువ్వుండావు కదాని."

వెనకాలే మునిలక్ష్మి వచ్చింది. రొప్పుతూ నా మోచెయ్యి పట్టుకుంది. "నాలుగేనయ్యా. నా చేతులు కూడా నేల మీదే ఉండినాయి. ఐదో మోత నేనూ విన్నాను, కానీ నేల కదల్లేదు."

అందరూ నా వైపే చూస్తున్నారు. ఆ ఐదో మోత ఏ పక్క నుంచి వచ్చింది? ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. కళ్ళు మూసుకుని విన్నాను. రోడ్డు వైపు చూశాను. కావళ్ళు మలుపు తిరిగి వెళ్ళిపోయాయి. చింతచెట్ల మీద, ఎవరో పెద్ద టపాసు కాల్చిపోయినట్టు, నీలంగా కొంచెం పొగ నిలిచి ఉంది. అది టపాసు పొగో కాదో కూడా నేను ప్రమాణం చేసి చెప్పలేను. కొండకు వెళ్ళే పొద్దు దాటిపోతోంది. మేస్త్రి ముందు, పెళ్ళాం ముందు, ఇంటి పెద్దనైన నేను తప్పానని ఒప్పుకోవాలంటే నోరు రాలేదు. కిందికి చూస్తే నా తమ్ముడి నడినెత్తి కనిపించింది. చిన్నప్పుడు మా అమ్మ నూనె పెట్టే చోట జుట్టు పలచబడి ఉంది.

"ఎక్కి రా లోకనాథం."

"అన్నా, నువ్వే కదా ఐదని..."

"తప్పు లెక్కపెట్టినానేమో. ఎక్కి రా రా."

అతను పైకి వచ్చి గడ్డపార కింద పడేసేదాకా ఇర్మా మెట్టు మీద నుంచి కాలు తీయలేదు. తీసిన తరవాత అక్కడే కూలబడిపోయింది. మేస్త్రి బీడీ వెలిగించుకుని, "ఒక పూట పోతే పోయింది పోండయ్యా," అన్నాడు. ఆయనకు మా మీద కోపం వచ్చిందో లేదో తెలియలేదు. ఆ సాయంత్రం మేము కొండకు వెళ్ళలేదు. ఇంట్లో ఎవరమూ సరిగా తినలేదు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి ఒక్కడే దిగాడు. మమ్మల్ని దూరంగా పొమ్మని చెయ్యి ఊపాడు. ఎంతసేపైనా రాలేదు. వచ్చాక నా అరచేతిలో నల్లటి తాడుముక్క ఒకటి పెట్టాడు. నాలుగు వేళ్ళ పొడవు ఉంటుంది. తడిగా ఉంది.

"ఇది కాలకుండా మిగిలిపోయింది. ఉత్తరపు మూల, రాళ్ళ కింద. తమ్ముడు ఎప్పుడూ ముందు గడ్డపార దించే చోటే. నీళ్ళు పోసి మందంతా తడిపి తీసేసినాను, భయం లేదు." ఆయన ముఖం తుడుచుకున్నాడు. "వత్తి ఎందుకు ఆరిందో తెలుసునా అయ్యా? ఆ తడి నేను పోసిన నీళ్ళది కాదు. రాయి నెర్రెలో నుంచి వస్తా ఉంది. ఊట."

ఆ తాడుముక్కను పిడికిట్లో పట్టుకుని రాళ్ళగుట్ట మీద కూర్చుండిపోయాను. మునిలక్ష్మి పరిగెత్తి బావిలోకి తొంగిచూసి, "నీళ్ళు," అంది, అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను అడిగింది స్వామి ఇచ్చాడు, కృత్తిక రోజే ఇచ్చాడు. ఆ నీళ్ళే వత్తిని ఆర్పాయి. ఆ రోజే కావాలని పట్టుబట్టిందీ, కొండ వైపు కళ్ళు మూసుకున్నదీ నేను. నా మొక్కు తప్పా, నా చెవి తప్పా అని ఎవరిని అడగాలి? ఆ వారమే ఒంటరిగా కొండెక్కి హారతి అయ్యేదాకా నిలబడ్డాను. నా తమ్ముడి పేరు, ఇర్మా పేరు చెప్పి అర్చన చేయించాను. ఇంక ఏమీ అడగలేదు.

ఊట సన్నది. ఇంకో మూడడుగులు తవ్వాలన్నాడు మేస్త్రి. తిరిగి పని మొదలయ్యే రోజు నాలుగు తూటాలు కూరారు. లోకనాథాన్ని బావి దగ్గర నిలబెట్టి, నేను ఇంటికి వెళ్ళాను. మునిలక్ష్మి గుమ్మంలో నిలబడింది, అక్కడి నుంచి చెయ్యి ఎత్తితే మేస్త్రికి కనిపిస్తుంది. నేనూ ఇర్మా చెప్పేదే ఇక మీదట లెక్క అని ఆయనతో ముందే మాట్లాడాను.

ఇర్మా అప్పటికే మంచం కింద ఉంది. నేను కండువా తీసి పక్కన పెట్టి, వంగి, ఆమెకు మూరెడు దూరంలో బోర్లా పడుకున్నాను. యాభై దగ్గరపడిన మనిషికి అది సులభం కాదు. పేడతో అలికిన నేల చల్లగా ఉంది.

"అరచేతులు పరవండి బావా," అంది ఆమె. "వేళ్ళు కూడా. గట్టిగా అదమొద్దు."

దూరంగా మేస్త్రి కేక వినిపించింది, మూడుసార్లు. ఆ తరవాత ఏ చప్పుడూ లేదు. వత్తి కాలే ఆ కాసేపు ఎంత పొడుగో, అక్కడ బావి గట్టున ఇన్ని రోజులు నిలబడి కూడా నాకు తెలియలేదు. ఆమె చెయ్యి చూసి నా వేళ్ళు ఇంకాస్త వెడంగా పరిచాను. 

నేల అదిరింది.

"ఒకటి," అంది ఇర్మా.

"ఒకటి," అన్నాను నేను.